దేశ చరిత్రా, ఆవిష్కర్త జీవితమా, ఆటగాళ్ల కథా: ప్రాజెక్టుకైనా ప్రసంగానికైనా ఏది తీసుకోవాలి?

బడిలో ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు చెప్పే మాట దాదాపు ప్రతి ఏడూ ఒకటే: ఒక దేశ చరిత్ర రాయండి, లేదా ఒక ఆవిష్కర్త జీవితం, లేదా ఒక క్రీడాకారుడి జీవితం. తిరుపతి, చిత్తూరు వైపు ఏ హైస్కూలు గోడ చూసినా చివరికి వేలాడేవి అవే నాలుగు చార్టులు: ఎడిసన్, కలాం, సచిన్, అమెరికా. ఆ పేర్లలో తప్పేమీ లేదు. చిక్కంతా ఎంచుకునే పద్ధతిలో ఉంది. ఎవరు గొప్ప అని చూసి పేరు పెట్టేస్తారు. ఆ కథలో ఎదుటివాళ్లకు చేత్తో చూపించగలిగింది ఏముందో చూడరు. అది లేకపోతే ఎంత గొప్ప పేరైనా పుట్టిన తేదీ, చదివిన ఊరు, వచ్చిన అవార్డులు దగ్గరే ఆగిపోతుంది.

ఇది పిల్లలకీ, వాళ్ల వెనక కూర్చుని రాత్రి పదింటిదాకా చార్టు అతికించే అమ్మానాన్నలకీ, టీచర్లకీ పనికొచ్చేలా రాసింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు కూడా చివర్లో ఒక మాట ఉంది.

ఏ కొలతలతో చూడాలి

మొదటిది సమయం. ఐదు నిమిషాల ప్రసంగమంటే రాతలో 400 మాటలు, అంతే. మైకు ముందు నిలబడ్డ పిల్లలు నిమిషానికి 80, 90 మాటలకు మించి స్పష్టంగా పలకలేరు. అంతకన్నా ఎక్కువ రాసిస్తే చివర్లో పరుగు లంకించుకుంటారు, గంట మోగేసరికి ముగింపు నోట్లోనే ఉండిపోతుంది. 400 మాటల్లో ఒక జీవితంలోని ఒక మలుపు పడుతుంది. ఒక దేశ చరిత్ర పట్టదు. అందులోని పదేళ్లు మాత్రం పడతాయి.

రెండోది చేతికందే వస్తువు. కొలిచి చూపే దూరమైనా సరే, తాకి చూసే నమూనా అయినా సరే, ఒక పటమైనా సరే.

మూడోది సరిచూసుకునే వీలు. ప్రతి తేదీ, ప్రతి అంకె రెండు వేర్వేరు చోట్ల కనపడాలి. ఒక వెబ్‌సైటు, దాన్ని చూసి రాసిన ఇంకో వెబ్‌సైటు కలిస్తే రెండు చోట్లు కావు. ఒక మంచి పుస్తకం లేదా విజ్ఞాన సర్వస్వం, దానితోపాటు ఆ రంగపు అధికారిక సంస్థ సమాచారం (ఒలింపిక్ కమిటీ, ఇస్రో, పురావస్తు శాఖ లాంటివి) ఉంటే చాలు.

నాలుగోది వెళ్లి చూసి రాగల చోటు. ఈ విషయంలో మనవాళ్లకు అదృష్టం బాగుంది. చంద్రగిరి కోట పక్కనే ఉంది, అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది.

| | దేశ చరిత్ర | ఆవిష్కర్త | క్రీడాకారులు |
|---|---|---|---|
| 5 నిమిషాల్లో పడుతుందా | ఒక దశాబ్దానికి కుదిస్తేనే | పడుతుంది | హాయిగా పడుతుంది |
| చేత్తో చూపేది | పటం, కోట, శాసనం | పనిచేసే నమూనా | దూరం, బరువు, సమయం |
| తప్పు దొర్లే చోటు | తేదీల వరుస, సరిహద్దు గీతలు | ‘మొట్టమొదట’ అనే మాట | ప్రచారంలో ఉన్న కట్టుకథలు |
| తయారీకి కావలసిన రోజులు | 10–12 | 6–8 | 3–4 |
| జడ్జీలు అడిగేది | ఎందుకు జరిగింది? | ఎలా పనిచేస్తుంది? | దానివల్ల ఏం మారింది? |

పట్టికలో ఆఖరి వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే. చార్టంతా అందంగా రాసిన పిల్ల “ఇది ఎలా పనిచేస్తుందమ్మా?” అని అడగ్గానే అమ్మ వైపు చూస్తుంది. విషయం ఎంచుకునేటప్పుడే ఆ ప్రశ్నకు రెండు వాక్యాల జవాబు పిల్ల సొంత మాటల్లో వస్తుందో లేదో చూసుకోండి. రాకపోతే ఆ విషయం వదిలేయడమే మేలు.

ఆవిష్కర్తలు

ముందు ఒక మాట తేల్చుకోవాలి. లేనిదాన్ని తయారుచేస్తే కనిపెట్టడం, ఉన్నదాన్ని బయటపెడితే కనుక్కోవడం. సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న ప్రకటించింది కాంతి చెదిరే తీరులోని ఒక విశేషం, అది కనుక్కోవడం. ‘ఆవిష్కర్త’ అన్న శీర్షిక కింద రామన్‌ను పెడితే తెలిసిన జడ్జి తప్పకుండా ఆపుతారు. మీ బడి ఇచ్చిన అంశం ‘శాస్త్రవేత్త’ అయితే రామన్ భేషుగ్గా సరిపోతారు. కాగితం మీద ఏ మాట రాసి ఇచ్చారో మళ్లీ ఒకసారి చదవండి.

*ఎడిసన్.* అందరూ తీసుకునేదీ, అందరూ తప్పు రాసేదీ ఈయన్నే. “బల్బును మొట్టమొదట కనిపెట్టాడు” అని రాయకండి. ఎడిసన్‌కు ముందే చాలామంది కరెంటుతో వెలుగు పుట్టించారు. అదే కాలంలో ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ కూడా కార్బన్ తీగ దీపం వెలిగించాడు. 1879లో మెన్లో పార్కులో ఎడిసన్ బృందం సాధించింది ఎక్కువసేపు వెలిగే, ఇళ్లలో వాడుకోగల దీపం. దానికి కరెంటు పంపే ఏర్పాటు కూడా ఆయనే చేసి, 1882 సెప్టెంబరులో న్యూయార్కు పెర్ల్ వీధిలో విద్యుత్ కేంద్రం నడిపించాడు. ఈ రెండో సగం చెప్పినవాళ్లకే ఎడిసన్ అర్థమైనట్టు. ఆయన పేరిట అమెరికాలో 1,093 పేటెంట్లు ఉన్నాయి. ఆ అంకె చివర్లో ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది.

నమూనా ఇంట్లోనే చేయొచ్చు. టార్చిలైట్లో వేసే పెద్ద సెల్లు ఎనిమిది వరుసగా కలిపితే 12 వోల్టులు. రెండు క్రొకడైల్ క్లిప్పుల మధ్య 0.5 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ ములుకు పెట్టి, పైన గాజు సీసా బోర్లించాలి. కరెంటు ఇవ్వగానే ముందు సన్నగా పొగ వస్తుంది, తర్వాత ములుకు ఎర్రబడి, తెల్లగా వెలిగి, కాసేపటికి పుటుక్కున తెగిపోతుంది. తెగిందని కంగారు పడొద్దు. గాలిలోని ఆక్సిజన్ తగిలి కార్బన్ కాలిపోయింది. ఎడిసన్ గాజు బుడ్డిలోంచి గాలి తీసేయించింది అందుకే. తెగిన ములుకును జడ్జికి చూపించి ఆ మాట చెబితే, వెలిగినదానికన్నా అదే ఎక్కువ మార్కులు తెస్తుంది. వెలగకపోతే కారణం రెండింట్లో ఒకటి: చిన్న చదరపు 9 వోల్టుల సెల్లు వాడి ఉంటారు, దానికి అంత కరెంటు తోసే శక్తి ఉండదు, లేదా క్లిప్పు కొస ములుకును గట్టిగా పట్టలేదు. స్పేరుగా పది ములుకులైనా ఉంచుకోండి. సీసా, క్లిప్పులు బాగా కాలతాయి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. గోడ ప్లగ్గు నుంచి కరెంటు ఎంత మాత్రం వాడకూడదు.

*రైట్ సోదరులు.* వక్తృత్వానికి ఇంతకన్నా అనువైన విషయం తక్కువ. 1903 డిసెంబరు 17న కిట్టీహాక్ ఇసుక తిన్నెల మీద ఓర్విల్ రైట్ మొదట ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరాడు. అంకెలు చదివి ఊరుకోవద్దు. బడి ఆవరణలో జెండా కర్ర దగ్గర్నుంచి 120 అడుగుల తాడు పరిచి, ఒకరు పరిగెత్తుతూ ఉంటే మిగతావాళ్లు పన్నెండు లెక్కపెట్టాలి. ఇంతేనా అనిపిస్తుంది. ఆ ‘ఇంతేనా’ దగ్గర మొదలుపెట్టి, సైకిల్ షాపు నడుపుకునే ఇద్దరు అన్నదమ్ములు సొంతంగా గాలి సొరంగం కట్టి 1901లో రెక్కల ఆకారాలు పరీక్షించిన సంగతి చెబితే కథ దానంతటదే నడుస్తుంది.

*లూయీ బ్రెయిల్.* ఈ మొత్తం జాబితాలో ఒక్క పేరే చెప్పమంటే ఇదే. అంధులు వేలితో తడిమి చదివే చుక్కల లిపి ఈయనది. ఎనిమిదో తరగతి పిల్లలు తాముగా చేసి, తాముగా వివరించగలిగే ఆవిష్కరణ ఇది. అరవై రూపాయల సామాను కూడా అక్కర్లేదు.

1809 జనవరి 4న పారిస్ దగ్గరి కూవ్రే ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రాల జీనులు, తోలు సామాన్లు చేసేవాడు. మూడేళ్ల వయసులో తోలుకు బెజ్జం వేసే ఆరెతో ఆడుకుంటుంటే అది కంటికి గుచ్చుకుంది. చీము పట్టి రెండో కన్నూ పోయింది. పదేళ్లకు పారిస్‌లోని అంధుల బడిలో చేరాడు. చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి తయారుచేసిన పన్నెండు చుక్కల లిపి అక్కడ పరిచయమైంది. పన్నెండు చుక్కలు వేలికొసకు ఒక్కసారిగా అందవు, వేలు పైకీ కిందికీ జరపాలి. లూయీ దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు. అప్పటికి, 1824లో, అతనికి పదిహేనేళ్లు. 1852లో చనిపోయాడు. తను చదివి, పాఠాలు చెప్పిన ఆ బడి ఈ లిపిని అధికారికంగా తీసుకున్నది ఆ తర్వాత రెండేళ్లకు.

నమూనాకు కోడిగుడ్ల అట్ట చాలు. రెండు వరుసలు, మూడు గుంటలు వచ్చేలా ఆరేసి గుంటల ముక్కలు కత్తిరించండి. ఎడమవైపు పైనుంచి కిందికి 1, 2, 3; కుడివైపు 4, 5, 6. చుక్క ఉన్నచోట ప్లాస్టిక్ బంతి పెట్టాలి. బంతి ఉండటం, లేకపోవడం అని ఆరు చోట్లా లెక్కేస్తే 64 అమరికలు వస్తాయి, ఖాళీని తీసేస్తే 63. లెక్కల టీచరు జడ్జి అయితే ఈ ఒక్క వాక్యం చాలు.

ఇక మన ఊరి పేరు రాయండి. భారతీయ బ్రెయిల్‌లో గుణింతం గుర్తును హల్లు తర్వాత విడిగా రాస్తారు, అందువల్ల ‘తిరుపతి’కి ఏడు ముక్కలు కావాలి: త, ఇ, ర, ఉ, ప, త, ఇ. త అంటే 2, 3, 4, 5 చుక్కలు. ఇ అంటే 2, 4. ర అంటే 1, 2, 3, 5. ఉ అంటే 1, 3, 6. ప అంటే 1, 2, 3, 4. ఏడు ముక్కలూ వరుసగా అట్ట మీద అతికించి, కింద తెలుగు అక్షరాలు రాసి, వచ్చినవాళ్లను కళ్లు మూసుకుని తడిమి చూడమనండి.

తప్పు జరిగేది ఒకచోటే. కాగితం మీద నిజమైన చుక్కలు వేయాలని సూదితో ముందువైపు నుంచి పొడుస్తారు. అప్పుడు చుక్కలు వెనకవైపు ఉబ్బుతాయి, తిప్పితే పదం అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. బ్రెయిల్ పలక మీద రాసేవాళ్లు కుడి నుంచి ఎడమకు రాయడానికి కారణం అదే. అంత పని వద్దనుకుంటే చార్టు మీద ఫెవికాల్ చుక్కలు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. తెల్లారేసరికి గట్టిపడి వేలికి తగులుతాయి. పప్పుగింజలు అతికిస్తే నాలుగు చేతులు పడగానే ఊడొస్తాయి.

*యల్లాప్రగడ సుబ్బారావు.* భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన ఈయన్ను మన పిల్లలు ఎరగకపోవడం బాధగా ఉంటుంది. కండరాలకు శక్తినిచ్చే రసాయనాల మీద హార్వర్డులో చేసిన పని, రక్తంలో భాస్వరం కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర వెనక ఉన్నది కూడా ఆయన బృందమే. కథ ఎత్తుకోవాల్సింది ఆ మాత్ర నుంచే, సభలో కూర్చున్న పెద్దల్లో చాలామంది దాన్ని మింగి ఉంటారు. అయితే రెండు జాగ్రత్తలు. ఆరియోమైసిన్ మందును ఆయనొక్కడే కనుక్కున్నట్టు రాయకండి. ఆయన నడిపిన పరిశోధన విభాగంలో బెంజమిన్ డగ్గర్ చేసిన పని అది. ఇంకోటి, చేత్తో చూపే నమూనా దీనికి దొరకదు. ప్రసంగానికి తీసుకోండి, చార్టుకు వద్దు.

*కలాం.* “రాకెట్ కనిపెట్టారు” అన్న వాక్యం ఎక్కడ కనిపించినా కొట్టేయండి. ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్ ఎగరేసింది రాబర్ట్ గొడార్డ్, 1926 మార్చి 16న. అది గాల్లో ఉన్నది రెండున్నర సెకన్లు. కలాం నడిపించింది ఉపగ్రహాలను మోసుకెళ్లే రాకెట్ ఎస్‌ఎల్‌వీ–3 ప్రాజెక్టు. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువున్న ఆ వాహనం 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచి, రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రెండు తేదీల మధ్య పదకొండు నెలల్లో ఏం జరిగిందన్నదే మీ ప్రాజెక్టు కావాలి. బాల్యం, పేపర్లు వేయడం, రాష్ట్రపతి పదవి, ఇవన్నీ పక్క చార్టులో ఎలాగూ ఉంటాయి.

క్రీడాకారులు

తయారీ సులువు, కథ పట్టుగా ఉంటుంది. కానీ పతకాల జాబితాగా మారిపోయే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. మందు ఒకటే: ఒక్క పోటీ తీసుకుని, అందులోని ఒక్క అంకెను కళ్లకు కట్టించడం.

పి.టి. ఉష 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ 55.42 సెకన్లలో ముగించింది. కాంస్యం గెలిచిన రొమేనియా అమ్మాయి సమయం 55.41. సెకనులో నూరో వంతు అంటే వినేవాళ్లకు ఏమీ తెలియదు. లెక్క చేయించండి: 400ను 55.42తో భాగిస్తే సెకనుకు దాదాపు 7.2 మీటర్లు, అందులో నూరో వంతు 7.2 సెంటీమీటర్లు. బెత్తెడు. నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టి ఎత్తి చూపిస్తే హాలంతా నిశ్శబ్దమవుతుంది.

కరణం మల్లీశ్వరికి కొలత ఇంకా సులువు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ. 130 కిలోలంటే మన కొట్లో దొరికే 26 కిలోల బియ్యం బస్తాలు సరిగ్గా ఐదు. చార్టు మీద ఐదు బస్తాల బొమ్మ వేస్తే చాలు. ఇంకా లోతుకు వెళ్లాలనుకుంటే ఆఖరి ప్రయత్నం గురించి చెప్పండి: స్వర్ణం 242.5 కిలోలకు దక్కింది, అంటే తేడా రెండున్నర కిలోలు. ఆమె 137.5కు వెళ్లి ఎత్తలేకపోయింది. అక్కడ 132.5 అడిగి ఉండాల్సిందా అన్న ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లల చర్చకు చక్కగా పనికొస్తుంది.

కట్టుకథల విషయంలో కఠినంగా ఉండాలి. ధ్యాన్‌చంద్‌కు హిట్లర్ సైన్యంలో పెద్ద ఉద్యోగం ఇస్తానన్నాడన్నది ఆధారం చూపించలేని కథ. 1936 ఆగస్టు 15న బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో భారత్ 8–1తో జర్మనీని ఓడించిందన్నది రికార్డు, అది చెప్పండి. ఆ మ్యాచ్‌లో ఆయన వ్యక్తిగత గోల్స్ లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి జట్టు స్కోరుతో ఆగడం మంచిది. మిల్ఖాసింగ్ వెనక్కి తిరిగి చూడటం వల్లే పతకం పోయిందనేదీ అంతే. 1960 రోమ్‌లో 400 మీటర్ల పరుగులో ఆయన 45.6 సెకన్లు, కాంస్యం గెలిచిన మాల్కం స్పెన్స్ 45.5, ఆ పదో వంతు చాలు, అలంకారం అక్కర్లేదు.

ఇప్పటికీ ఆడుతున్నవాళ్లను తీసుకుంటే చార్టు కింద తేదీ వేయండి. సింధు టోక్యో కాంస్యం ‘2020 ఒలింపిక్స్’ది, గెలిచింది మాత్రం 2021 ఆగస్టు 1న. కరోనా వల్ల ఏడాది వెనక్కి పోయిన సంగతి రాయకపోతే తప్పు పట్టేవాళ్లుంటారు.

ఆటగాడి వెనక దేశం: అబెబె బికిలా

మూడింటిలో ఏదీ తేల్చుకోలేనివాళ్లకు, ముఖ్యంగా కాలేజీ వక్తృత్వ పోటీకి వెళ్లేవాళ్లకు ఇది చెబుతాం. ఒక జీవితం పట్టుకుంటే దేశ చరిత్ర దాని వెంటే వస్తుంది.

1896లో అడువా యుద్ధంలో ఇథియోపియా ఇటలీని ఓడించింది. 1935లో ముస్సోలినీ సైన్యం మళ్లీ దండెత్తి ఏడాది తిరగకుండా అడిస్ అబాబా పట్టుకుంది. అక్సుం నగరంలోని 24 మీటర్ల పురాతన రాతి స్తంభాన్ని 1937లో రోముకు తరలించారు. 1941లో ఇథియోపియాకు విముక్తి వచ్చింది. స్తంభం మాత్రం రోములోనే ఉండిపోయింది. 1960 సెప్టెంబరు 10 సాయంత్రం అదే రోములో, ఆ స్తంభం పక్కగా సాగే దారిలో, ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలోని సైనికుడు అబెబె బికిలా ఉత్త కాళ్లతో మారథాన్ పరిగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 1964 టోక్యోలో, అపెండిక్స్ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే, ఈసారి బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు. స్తంభం 2005లో ఇంటికి చేరింది.

ఐదు నిమిషాలకు ఇలా పంచుకోండి: మొదటి నిమిషం రోము వీధిలో ఉత్త కాళ్లు, రెండు, మూడు నిమిషాలు వెనక్కి వెళ్లి 1896, 1935, 1937, నాలుగో నిమిషం పరుగు ముగింపు, ఐదో నిమిషం టోక్యో, స్తంభం తిరిగి రావడం. 1896 నుంచి మొదలుపెడితే మూడో నిమిషం దాకా ఆటగాడే కనపడడు, సభ జారిపోతుంది. ‘పేదరికం వల్ల బూట్లు లేవు’ అని జాలి పుట్టించే వాక్యం కలపకండి. ఆయన ఉత్త కాళ్లతో సాధన చేసినవాడే; కొత్త బూట్లు సరిపడక అలాగే పరిగెత్తాడు.

దేశ చరిత్రలు

అన్నిటికన్నా కష్టం, బాగా చేస్తే అన్నిటికన్నా నిలిచేది ఇదే. ‘జపాన్ చరిత్ర’ అని పెట్టుకుంటే పని అయ్యేది కాదు. ‘1853లో అమెరికా నౌకలు వచ్చాక పదిహేనేళ్లలో జపాన్‌లో పాలనే ఎందుకు మారింది’ అని పెట్టుకుంటే 1853, 1868 రెండు తేదీల మధ్య కథ బిగుస్తుంది. ఒక ప్రశ్న, మూడు నాలుగు తేదీలు, ఒక పటం. అంతకు మించితే చార్టు మీద అక్షరాలు చీమలంతవుతాయి.

పరాయి దేశం అనగానే మన ఊరికి సంబంధం లేదనుకోవద్దు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం ఊరేగిన విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. అదే ఏడాది డిసెంబరు 15న, 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత, మద్రాసులో పొట్టి శ్రీరాములు కన్నుమూశారు. ఒకచోట 1971లో కొత్త దేశం పుట్టింది. ఇంకోచోట 1953 అక్టోబరు 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది. భాష కోసం లేచిన రెండు కదలికలు వేర్వేరు చోట్లకు ఎందుకు చేరాయన్నది ఇంటర్, డిగ్రీ పిల్లలకు గొప్ప ప్రశ్న. చిత్తూరు వాళ్లకైతే ఇంకో పొర ఉంది: సరిహద్దుల సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. తెలుగు, తమిళం రెండూ ఇంట్లో పలికే ఊళ్లు ఇప్పటికీ ఆ గీతకు రెండు పక్కలా ఉన్నాయి.

ఇక చంద్రగిరి. “1565 తళ్లికోట యుద్ధంతో విజయనగరం అంతమైంది” అని చార్టుల్లో రాస్తారు. హంపి పాడుబడింది, రాజ్యం మాత్రం పెనుకొండకు, అక్కణ్నుంచి చంద్రగిరికి, వేలూరుకు జరిగి ఇంకో ఎనభై ఏళ్లు నడిచింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరాన స్థలం ఇచ్చిన దామర్ల వెంకటాద్రి నాయకుడు ఆ విజయనగర రాజుకు లోబడ్డవాడే. అంటే చెన్నై నగరం పుట్టుకలో మన పక్క కోట వాటా ఉంది. ప్రశ్న ఇలా పెట్టండి: రాజధాని పోయాక రాజ్యం ఎలా బతికింది? పటం మీద హంపి, పెనుకొండ, చంద్రగిరి, వేలూరు నాలుగు చుక్కలు కలిపితే జవాబులో సగం కనపడుతుంది: చంద్రగిరి దాకా ఆగ్నేయంగా, అక్కణ్నుంచి దక్షిణంగా, కొండల చాటుకు. తిరుమల ఆలయంలోని కృష్ణదేవరాయల రాగి విగ్రహం చూసినవాళ్లకు ఇదే వంశపరంపర అనిపించవచ్చు. కాదు, రాయలది తుళువ వంశం, చంద్రగిరి రాజులది ఆరవీడు. ఈ తేడా ఒక వాక్యంలో రాయండి.

పటం గురించి ఒక గట్టి హెచ్చరిక. భారతదేశ పటాన్ని నెట్ నుంచి తీసి ప్రింటు కొట్టించకండి. చాలావాటిలో జమ్మూకశ్మీర్ సరిహద్దు మన ప్రభుత్వ పటంలా ఉండదు, పోటీలో అక్కడే పక్కన పెట్టేస్తారు. స్టేషనరీ షాపుల్లో దొరికే అవుట్‌లైన్ పటం కొని దాని మీదే గుర్తించండి.

ఎవరికి ఏది

ప్రాథమిక బడి పిల్లలకు ఆటగాళ్లే. బస్తాలు, బెత్తెడు, అంతే. చదివి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క అంకె. ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఆవిష్కర్తలు, అందులో బిడియం ఉన్న పిల్లలకు తప్పకుండా బ్రెయిల్. చేతిలో నమూనా ఉంటే మాట తడబడినా చేతులు చెప్పేస్తాయి. గొంతు బాగుండి, సభ భయం లేనివాళ్లు సుబ్బారావును గానీ బికిలాను గానీ తీసుకోవచ్చు.

పోటీ పరీక్షల కోసం గదులు తీసుకుని చదువుతున్నవాళ్లు సరదాగా చదివే గంటను కూడా చరిత్రకే ఇవ్వడం లాభం. గ్రూప్–2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంది కాబట్టి ఆరవీడు రాజులు, 1953, 1956, 1960 సరిహద్దుల సంగతి నేరుగా పనికొస్తాయి. ఆవిష్కర్తల జీవితాల నుంచి మహా అయితే ఒకటో అరో ప్రశ్న వస్తుంది.

రెండే రోజులు మిగిలితే ఉష లేదా మల్లీశ్వరి, ఇంకేమీ ఆలోచించకండి. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టయితే చంద్రగిరి: ఒకరు పటం, ఒకరు తేదీల పట్టిక, ఒకరు కోట ఫొటోలు, ఒకరు జడ్జీలకు జవాబులు. పని పంచేటప్పుడు మాట్లాడేవాడికి పటం గీసే పని కూడా అప్పగించకండి. గీసేది ముందురోజు రాత్రికి గానీ పూర్తవదు, మాట్లాడేవాడికి సాధన ఉండదు.

కోట చూడటానికి తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. రాజమహల్ మూడంతస్తులూ బయట నుంచి ఒకటి, లోపల నుంచి ఒకటి ఫొటో తీసుకోండి. కప్పుకు కలప వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టిన తీరు లోపలి ఫొటోలోనే తెలుస్తుంది. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు.